డిజీ యాత్ర: ముఖమే టికెట్ అయితే.. ‘వద్దు’ అనే హక్కు మిగులుతుందా?

ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర ఇప్పుడు రెండు రకాల క్యూలు. ఒకదాంట్లో టికెట్, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డవాళ్లు. సీఐఎస్ఎఫ్ జవాన్ కార్డులో ఫొటోని, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చి చూసుకుని లోపలికి పంపుతాడు. రెండో క్యూలో బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి, కెమెరా వైపు ఒక్క చూపు చూస్తే చాలు. గేటు తెరుచుకుంటుంది. పేరు డిజీ యాత్ర.

ఏ క్యూలోకి వెళ్లాలన్నది మీ ఇష్టం అంటోంది ప్రభుత్వం. బలవంతం లేదు, స్వచ్ఛందం అని చెబుతోంది. మరి ఆ ‘ఇష్టం’ నిజంగా మన చేతుల్లోనే ఉందా? ఇంకో ఐదేళ్ల తర్వాత కూడా ఉంటుందా? అసలు ప్రశ్న ఇదే.

ఎలా పనిచేస్తుంది?

2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి ఎయిర్‌పోర్టుల్లో డిజీ యాత్ర మొదలైంది. 2023లో హైదరాబాద్, విజయవాడ చేరాయి. 2024 సెప్టెంబర్‌లో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు విశాఖపట్నం వేదికగా మరో 9 ఎయిర్‌పోర్టుల్లో దీన్ని ప్రారంభించారు. అందులో విశాఖ కూడా ఒకటి. దాంతో మొత్తం సంఖ్య 24కి చేరింది.

వాడటం సులువే. యాప్ దించుకోవాలి. ఫోన్ నంబర్‌కి వచ్చే ఓటీపీ కొట్టాలి. ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరించుకుని ఒక సెల్ఫీ ఇవ్వాలి. ప్రయాణానికి ముందు బోర్డింగ్ పాస్‌ని యాప్‌లో పెట్టి, బయలుదేరే ఎయిర్‌పోర్టుకి పంపాలి. అక్కడి కెమెరా మీ ముఖాన్ని ఆ సెల్ఫీతో పోల్చి చూస్తుంది.

ఇందులో మంచి లేదా అంటే ఉంది. డిజీ యాత్ర చెబుతున్న ప్రకారం ప్రయాణికుల ముఖాలన్నీ ఒకే చోట పోగుపడవు. వివరాలు ఎవరి ఫోన్‌లో వాళ్లకే ఉంటాయి. ఎయిర్‌పోర్టుకి వెళ్లిన కాపీని విమానం బయలుదేరిన 24 గంటల్లో చెరిపేయాలి. యూరప్ డేటా రక్షణ బోర్డు 2024 మేలో ఎయిర్‌పోర్టుల్లో ఫేస్ రికగ్నిషన్ మీద ఒక అభిప్రాయం వెలువరించింది. ముఖం డేటా ప్రయాణికుడి దగ్గరే ఉండాలి, లేదంటే దాన్ని తెరిచే తాళం చెవైనా ప్రయాణికుడి దగ్గరే ఉండాలి, అలాంటి పద్ధతులే తమ చట్టానికి సరిపోతాయని తేల్చింది. ఆ లెక్కన చూస్తే డిజీ యాత్ర డిజైన్‌ని కొట్టిపారేయలేం.

మరి తకరారు ఎక్కడ?

కాగితం మీద రూల్ వేరు, గేటు దగ్గర జరిగేది వేరు

మొదటిది, ఆ 24 గంటల లెక్క. భద్రతా అవసరాలు ఉంటే ఈ గడువు సెట్టింగ్‌ని మార్చుకునే వీలుని డిజీ యాత్ర పాలసీయే ఉంచుకుంది. అమల్లో ఉన్న ప్రోటోకాల్ ప్రకారం భద్రతా సంస్థలకు, ప్రభుత్వ ఏజెన్సీలకు ప్రయాణికుల డేటా ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. అంటే 24 గంటల్లో చెరిపేస్తామన్న మాటకి మినహాయింపు ముందే రాసిపెట్టుకున్నారు.

రెండోది, జవాబుదారీ ఎవరు? దీన్ని నడిపేది ప్రభుత్వ శాఖ కాదు. 2019లో ఏర్పాటైన డిజీ యాత్ర ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని కంపెనీ. ఇందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం. మిగతా 74 శాతం ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి ఎయిర్‌పోర్టులు నడిపే కంపెనీలది. ఇది ప్రైవేటు సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం కిందికి రాదన్నది అధికారిక వాదన. మన ముఖం కావాల్సి వస్తే ప్రభుత్వ పథకం.. మనం లెక్క అడిగితే ప్రైవేటు కంపెనీ. ఇదెక్కడి న్యాయం?

మూడోది, అసలైంది.. సమ్మతి. 2024 జనవరిలో చాలామంది ప్రయాణికులు సోషల్ మీడియాలో ఒకే రకం ఫిర్యాదు చేశారు. గేటు దగ్గర సిబ్బంది బోర్డింగ్ పాస్ తీసుకుని, కెమెరా వైపు చూడమన్నారని, ఏంటో ఎందుకో చెప్పకుండానే తమని డిజీ యాత్రలో చేర్చేశారని వాపోయారు. ఇది పూర్తిగా స్వచ్ఛందమే అని ప్రభుత్వం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కానీ ఫ్లైట్‌కి టైమ్ అయిపోతోంది, వెనక జనం తోస్తున్నారు, యూనిఫాంలో ఉన్న మనిషి ‘ఇటు చూడండి’ అన్నాడు. అప్పుడు ఎంతమంది ఆగి ‘ఎందుకు?’ అని అడుగుతారు?

అదే ఏడాది ఇంకోటి జరిగింది. పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమని వాడకందార్లకి చెప్పారు. లక్షల మంది తమ ఆధార్ వివరాలతో నమోదైన యాప్ అది. పాతదానికి ఏమైంది, ఎందుకు మార్చారు అన్నది సామాన్య ప్రయాణికుడికి అర్థమయ్యేలా ఎవరూ వివరించలేదు.

పాస్‌వర్డ్ మార్చొచ్చు.. ముఖాన్ని మార్చగలమా?

‘నేనేం తప్పు చేశానని భయపడాలి?’ అని చాలామంది అంటారు. మాట బాగానే ఉంది. కానీ మనం ఇంటికి తలుపు పెట్టుకునేది దొంగసొత్తు దాచుకోవడానికా? కాదు కదా. లోపలికి ఎవరు రావాలో మనమే చెప్పాలి కాబట్టి పెట్టుకుంటాం.

పైగా ఏటీఎం పిన్ బయటపడితే బ్యాంకుకి వెళ్లి మార్చుకోవచ్చు. సిమ్ పోతే కొత్తది తీసుకోవచ్చు. ముఖం డేటా ఒక్కసారి లీకైతే జీవితాంతం లీకైనట్టే.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2019లో అమెరికాలో జరిగింది చూడండి. అక్కడి కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ కోసం పనిచేసే ఒక సబ్ కాంట్రాక్టర్, రూల్స్‌కి విరుద్ధంగా ప్రయాణికుల ఫొటోలని, వాహనాల నంబర్ ప్లేట్ల చిత్రాలని తన సొంత నెట్‌వర్క్‌లోకి కాపీ చేసుకున్నాడు. ఆ నెట్‌వర్క్ హ్యాక్ అయింది. లక్షలోపు మంది ఫొటోలు బయటికి పోయాయని ఆ శాఖే ఒప్పుకుంది. రూల్ ఉంది, శాఖ పెద్దది, డబ్బుకి కొదవ లేదు. అయినా కాంట్రాక్టర్ దగ్గర కట్ట తెగింది.

ఎయిర్‌పోర్ట్ దాటి ఎక్కడెక్కడ?

విమానం ఎక్కేవాళ్లు కొద్దిమందే, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2020 జనవరిలో తెలంగాణ మున్సిపల్ ఎన్నికలప్పుడు కొంపల్లిలోని 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటర్లని గుర్తించడానికి ఫేస్ రికగ్నిషన్ ప్రయోగం చేశారు. 2021 మేలో హైదరాబాద్ పాతబస్తీలో రోడ్డు మీద పోతున్న ఒక సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి, మాస్క్ తీయమని చెప్పి ఫొటో తీశారు. ఆయన వద్దన్నా ఆగలేదు. ఆయన తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వానికి కోర్టు నోటీసులిచ్చింది.

2023 మార్చి నుంచి తిరుమలలో కూడా టీటీడీ ముఖ గుర్తింపు పద్ధతి ప్రవేశపెట్టింది. గదులు ఇచ్చేటప్పుడు, డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు దళారుల ఆట కట్టించాలన్నది ఉద్దేశం. ఒకే మనిషి పదే పదే టోకెన్లు తీసుకోకుండా చూడాలన్నదీ అందులో ఉంది. మంచిదే. దళారుల వల్ల ఇబ్బంది పడ్డ భక్తులకి ఆ విలువ బాగా తెలుసు. కానీ రాత్రంతా బస్సులో కూర్చుని, పిల్లాపాపలతో కొండెక్కిన కుటుంబం కౌంటర్ దగ్గర ‘మా ఫొటో వద్దు’ అనగలదా? ఎదురుగా ఉన్నది గది అయినా, ఓటు అయినా, ఫ్లైట్ అయినా, అవసరంలో ఉన్న మనిషి తలూపడాన్ని సమ్మతి అనొచ్చా?

చట్టం ఏం చెబుతోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లకి, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. అయితే కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మధ్య దాకా ఆగాల్సిందే.

ఈ చట్టంలో మనకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా, తెలిసి ఇచ్చిందై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా అడగొచ్చు. అంటే తెలుగులో అడిగే హక్కు మనకి ఉంటుంది. డేటా భద్రతలో ఫెయిలైతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు.

చిల్లు కూడా ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కారణాలతో తన ఏజెన్సీలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకునే అధికారం కేంద్రం దగ్గరే ఉంది. కాపలా పెట్టాల్సినవాళ్ల చేతిలోనే తాళం చెవి కూడా ఉందన్నమాట.

మామూలు క్యూ ఎందుకు బతకాలి?

స్వచ్ఛందం అన్న మాట నిజమో కాదో తేల్చేది చట్టం పుస్తకం కాదు. గేటు దగ్గరున్న మామూలు క్యూ. అది ఐదు నిమిషాల్లో కదులుతుంటే మన ‘వద్దు’కి విలువ ఉన్నట్టు. కెమెరా గేట్లు పెంచుతూ పోయి, మామూలు గేట్లు తగ్గించి, ఉన్న ఒక్కదాని దగ్గర ముప్పావు గంట నిలబెడితే మాత్రం అది బలవంతమే. పేరు వేరు, అంతే.

ఆ క్యూ ప్రైవసీ గురించి మాట్లాడేవాళ్ల కోసమే కాదు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దాయన ఆ క్యూలోనే నిలబడతాడు. ఆధార్‌కి లింకైన నంబర్ పోగొట్టుకున్న కూలీ, మొదటిసారి విమానం ఎక్కుతూ యాప్ అంటే తెలియని అమ్మమ్మ కూడా అక్కడే ఉంటారు. డిజీ యాత్ర మొదలైందే దేశీయ ప్రయాణాలకి. గల్ఫ్‌కి పోయే కార్మికుడికి పాస్‌పోర్ట్ చూపించే గేటే దిక్కు.

అమెరికా వెళ్లొచ్చే తెలుగువాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. 2025 డిసెంబర్ 26 నుంచి అమలైన నిబంధన ప్రకారం అక్కడి పౌరులు కాని ఎవరినైనా దేశంలోకి వచ్చేటప్పుడు, బయటికి పోయేటప్పుడు ఫొటో తీయొచ్చు. వాళ్ల పౌరులకి మాత్రం వద్దనే వెసులుబాటు ఉంది. మన దేశంలో మనం పౌరులం. ఆ వెసులుబాటు మనకి కాగితం మీద ఉంది. వాడుకోకపోతే అది కాగితం మీదే మిగిలిపోతుంది.

ప్రయాణికులు చేయగలిగింది చిన్నదే. యాప్ కావాలనుకుంటే చదివి, తెలుసుకుని మీరే మీ ఫోన్‌లో వేసుకోండి. సిబ్బంది చేతిలోని పరికరంతో నమోదు చేస్తామంటే ఎందుకని అడగండి. వద్దనుకుంటే ‘డిజీ యాత్ర వద్దండీ’ అని చెప్పి, గుర్తింపు కార్డు, టికెట్ చూపించి లోపలికి వెళ్లొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లని పంపేటప్పుడు ఈ ముక్క వాళ్లకి కూడా చెప్పి పంపండి.

ప్రభుత్వం చేయాల్సింది మాత్రం పెద్దది. ఇది తప్పనిసరి కాదని ప్రతి గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. ఫౌండేషన్‌ని సమాచార హక్కు కిందికి తేవాలి. 24 గంటల్లో డేటా నిజంగా చెరిపేస్తున్నారో లేదో బయటివాళ్లతో తనిఖీ చేయించి, ఆ రిపోర్ట్ జనం ముందు పెట్టాలి. మామూలు గేట్ల సంఖ్య తగ్గించబోమని రాతపూర్వకంగా చెప్పాలి.

కెమెరా గేటు వేగంగా తెరుచుకోవచ్చు. దానికి ఎవరూ అడ్డం కాదు. కానీ ఈసారి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లినప్పుడు పక్కన మామూలు గేట్లు ఎన్ని తెరిచి ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఆ లెక్క తగ్గుతోందంటే, మన ‘ఇష్టం’ కూడా తగ్గుతున్నట్టే.