గుళ్ళో ఆ మాటెందుకంటారా?

ఇంగ్లండు చూసొచ్చిన మనవాళ్ళని ఒక్కసారి కదిపి చూడండి. ఒకావిడ కోహినూరు వజ్రాన్ని చూసి నిట్టూర్చిన సంగతి చెబుతుంది. ఇంకొకావిడ అక్కడి చలీ, చప్పిడి కూరలూ చెబుతుంది. పెద్ద పెద్ద చర్చీల మాటొస్తే మటుకు అందరిదీ ఒకటే పాఠం. "అబ్బ, ఎంతెత్తండీ! ఎన్నేళ్ళ నాటిదండీ! ఆ రంగుటద్దాలు చూసి తీరాలండీ!" ఎత్తూ, వయసూ, అద్దాలూ అప్పజెప్పేస్తే చూసేసినట్టే లెక్క. ఆ కొలతల మీదే నా పోట్లాటంతా. రాళ్ళు ఎంతెత్తున పేర్చారన్నది తాపీమేస్త్రీలకి కావలసిన సంగతి. ఆ రాళ్ళ నీడన మనుషులు ఎలా బతికారు, ఎలా చచ్చారు అన్నది మనందరికీ కావలసిన సంగతి.

కొలతలు తక్కువైన చోటుని చూసొచ్చి ఈ మాట అంటున్నాననుకోకండి. ఇంగ్లండుకి తూర్పు దిక్కున లింకన్ అని ఒక పాతవూరు వుంది. మా అమ్మాయి కాపురం నాటింగ్‌హామ్‌లో. అక్కణ్ణించి రైల్లో దగ్గరే. అమ్మాయీ, అల్లుడూ, నేనూ, మా వియ్యపురాలూ నలుగురం కలిసి వెళ్ళాం. అక్కడి కెథీడ్రల్ గుట్ట నెత్తిన వుంటుంది. 1311 నాటికి దాని నడిమి గోపురం మీద కట్టిన శిఖరం 160 మీటర్ల ఎత్తుండేదనీ, అప్పటికి లోకంలో అంతెత్తు కట్టడం ఇంకోటి లేదనీ చెబుతారు. 1548 లో ఆ శిఖరం కూలిపోయింది. మళ్ళీ కట్టలేదు. ఇప్పుడున్నది చూడ్డానికే మెడలు నొప్పెడతాయి, అప్పుడెలా వుండేదో!

పైకి వెళ్ళే వీధి పేరు స్టీప్ హిల్. నిటారు గుట్ట అనే అర్థం, పేరుకి తగ్గట్టే వుంది. ఏడడుగులు నడిస్తే ఒకడుగు పైకి లేస్తాం. పెళ్ళిలో నడిచిన ఏడడుగులే నయం, అక్కడ కనీసం చిటికెనవేలు పట్టుకునేవాడొకడున్నాడు. ఇక్కడ గోడవారనున్న ఇనప కమ్మీ పట్టుకుని ఎక్కాలి. అటూ ఇటూ ముచ్చటైన చిన్న చిన్న దుకాణాలు, టీ అంగళ్ళు. ఆ గుట్ట మొదట్లోనే ఒక రాతి ఇల్లుంది. 12 వ శతాబ్దంలో కట్టింది. ఆ దేశంలో ఇప్పటికీ మనుషులు వాడుతున్న ఇళ్ళలో బహు పాతవాటిలో అదొకటి. దాని పేరు యూదుడి ఇల్లు. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. "ఆ యూదుడు ఏమయ్యాడండీ?" అని మటుకు ఎవరూ అడగరు.

నేనడిగాను. పుస్తకాలు తిరగేశాను కూడా. తెలుసుకున్నది మీతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

ఆ వూళ్ళో యూదులు బాగా బతికిన రోజులున్నాయి. 1186 లో చనిపోయిన ఏరన్ అనే ఆయన ఆనాటి ఇంగ్లండులో మహా ధనవంతుల్లో ఒకడు. మఠాలకీ, దొరలకీ అప్పులిచ్చాడు. ఆఖరికి లింకన్ కెథీడ్రల్ నగలు కూడా ఒకప్పుడు ఆయన దగ్గర తాకట్టులో వున్నాయి! ఆయన పోగానే ఆస్తినంతా రాజు స్వాధీనం చేసుకున్నాడు. ఆ బాకీలు వసూలు చెయ్యడానికి ఖజానాలో ప్రత్యేకంగా ఒక కచేరీయే పెట్టవలసి వచ్చింది. అప్పిచ్చినవాడంటే తీసుకున్నవాడికి ఎంత ప్రేమ వుంటుందో ఇంట్లో గాజులు తాకట్టు పెట్టిన ఏ ఇల్లాలికైనా తెలుసు. వడ్డీ వ్యాపారం మీద జనానికున్న ఆ కోపం, వేరే మతమన్న అనుమానం రెండూ కలిసి ఎప్పుడెప్పుడా అని కాచుకుని వున్నాయి.

1255 వేసవిలో హ్యూ అనే పిల్లవాడు కనిపించకుండా పోయాడు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. దాదాపు నెల్లాళ్ళకి శవం బావిలో దొరికింది. ఆడుకుంటూ పడ్డాడో, ఎవరైనా తోశారో, ఈనాటికీ తెలీదు. కాని వూరికి మటుకు ఆనాడే తెలిసిపోయింది! యూదులు పిల్లల్ని ఎత్తుకుపోయి చంపుతారన్న పుకారు అప్పటికి నూరేళ్ళుగా ఆ దేశంలో తిరుగుతోంది మరి. కోపిన్ అనే ఆయన్ని పట్టుకున్నారు. ప్రాణం కాపాడతామని ఆశపెట్టి తమకి కావలసిన మాట చెప్పించారు. మూడో హెన్రీ రాజు స్వయంగా దిగబడి, ఇచ్చిన మాట లెక్కచెయ్యకుండా ఆయన్ని చంపించాడు. ఇంకో తొంభై మందిని లండన్ తోలుకుపోయారు. అంతా క్రైస్తవులే వున్న జ్యూరీ తీర్పుకి మేము ఒప్పుకోమన్నందుకు వాళ్ళలో 18 మందిని వురితీశారు. వురితీసిన వాళ్ళ ఆస్తి రాజుగారికి జమ. చూశారా, ఎంత లాభసాటి న్యాయమో!

పిల్లవాణ్ణి కెథీడ్రల్‌లో సమాధి చేశారు. రోము పీఠం ఏనాడూ సెయింటని ప్రకటించకపోయినా జనం 'చిన్న సెయింట్ హ్యూ' అని పేరుపెట్టి మొక్కులు మొక్కారు. ఆ సమాధి ఇప్పటికీ వుంది. పై కట్టడం ఎప్పుడో పోయింది, రాతి దిమ్మ మిగిలింది. లోపల కాస్త అవతల ఒక స్తంభం పైన కాలు మీద కాలేసుకు కూర్చున్న చిన్న రాతి భూతం బొమ్మ వుంది. దాన్ని వెతుక్కోవడానికి మెడలు సారించి పదేసి నిమిషాలు నిలబడే జనం ఈ దిమ్మ దగ్గర అరనిమిషం ఆగరు. దుకాణాల్లో ఆ భూతం బొమ్మే అమ్ముతారు, అదే కొంటారు.

ఆ దిమ్మ పక్కన ఒక పలక వుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కెథీడ్రల్ వాళ్ళే తమంతట తాము అలాంటి పలక పెట్టారు. యూదుల మీద ఇలాంటి హత్యల కథలు యూరప్ అంతటా కల్పించారనీ, ఆ కల్పనలకి ఎందరో అమాయకులు బలైపోయారనీ, మా వూళ్ళోనూ ఆ పని జరిగిందనీ, ఇది క్రైస్తవ లోకానికి గౌరవం తెచ్చేది కాదనీ, భగవంతుడా మమ్మల్ని క్షమించమనీ దాని సారాంశం.

మా అల్లుడు చదివి చెప్పగానే మా వియ్యపురాలు ముక్కున వేలేసుకుంది. "ఇదేం చోద్యం వదినగారూ! గుళ్ళో ఎవరైనా ఇలాంటివి రాసిపెట్టుకుంటారా? పరువు పోదూ? ఎప్పటి మాటో అది. చేసినవాళ్ళూ లేరు, పడ్డవాళ్ళూ లేరు. దేవుడి దగ్గర చల్లటి మాట వుండాలి గాని!"

ఆవిడ మంచి మనిషి. చీమకి కూడా అపకారం చెయ్యదు. ఆవిణ్ణి వేలెత్తి చూపడానికి కాదు ఇది రాస్తున్నది. నూటికి తొంభైమందిమి అలాగే అంటాం. అందుకే ఆ మాటకి జవాబు చెప్పాలని కూచున్నాను.

ఎప్పటి మాటో అంటారా? అబద్ధానికి వయసెక్కువైతే చచ్చిపోతుందని ఎవరన్నారు? 1290 లో మొదటి ఎడ్వర్డు రాజు యూదులందర్నీ దేశం నుంచే వెళ్ళగొట్టాడు. పిల్లాజెల్లాతో, చేతికందిన మూటలతో ఓడలెక్కి పోయారు. 1656 దాకా వాళ్ళని మళ్ళీ బాహాటంగా రానివ్వలేదు. అయినా వెళ్ళగొట్టిన నూరేళ్ళకి చాసర్ కవి రాసిన కథల్లో ఒక సన్యాసిని ఇలాంటి పిల్లవాడి కథే చెప్పి, చివర్న లింకన్ హ్యూ పేరు తలుచుకుంటుంది. యూదులు లేరు, నింద వుంది! చాలదన్నట్టు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా ఆ వీధిలో 'పిల్లవాడి శవం పడేసిన బావి ఇదే' అని డబ్బు తీసుకుని చూపించారు. తీరా తేలిందేమిటంటే ఆ బావి అప్పుడే కూలీనిచ్చి తవ్వించినదట! నిజానికి గిరాకీ వుండదుగాని, అబద్ధానికి టిక్కెట్టు పెట్టినా జనం వస్తారు.

పరువంటారా? ఆ కెథీడ్రల్‌లోనే ఇంకొక హ్యూ వున్నాడు. 1185 లో భూకంపానికి గుడి దెబ్బతింటే 1186 లో బిషప్పుగా వచ్చి మళ్ళీ కట్టడం మొదలెట్టిన వాడు. తానే రాళ్ళు మోశాడని చెప్పుకుంటారు. 1190 లో దేశమంతా యూదుల మీద పడి యార్కులో నూటయాభై మంది దాకా ప్రాణాలు పోయినప్పుడు, లింకన్‌లో వాళ్ళు కోటలో తలదాచుకుని బతికారు. ఈ బిషప్పు రెచ్చిపోయిన గుంపులకి ఎదురు నిలిచాడు. 1200 లో ఆయన పోయినప్పుడు ఆ వూరి యూదులు వీధుల్లోకి వచ్చి ఏడ్చారని రాసిపెట్టారు. ఒకే పేరు, ఒకే గుడి. ఒకరి సమాధి మనుషుల్ని కాపాడినందుకు, ఇంకొకటి మనుషుల్ని చంపడానికి సాకుగా. ఆ పలక తీసేస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కాపాడినవాడికీ, కల్పించిన కథకీ ఒకే దండం పెట్టి వచ్చేస్తాం. పరువు పోయేది అప్పుడు కాదూ?

ఇంకో చిత్రం చెబుతాను. ఇదే ఎడ్వర్డు రాజు భార్య ఎలినోర్ 1290 నవంబరులో లింకన్ దగ్గరే కన్నుమూసింది. ఆవిడ కోసం ఆయన దారి పొడుగునా 12 చోట్ల శిలువ స్తంభాలు కట్టించాడు. ఆవిడ జ్ఞాపకంగా సమాధి ఒకటి కెథీడ్రల్‌లో వుంది. "భార్యంటే ఎంత ప్రేమో!" అని మనం కళ్ళొత్తుకుంటాం. ఒత్తుకోండి, నేనూ ఒత్తుకున్నాను. కాని అదే నవంబరు ఒకటో తారీకుకే యూదులు దేశం విడిచి పోవాలన్నది ఆయన పెట్టిన గడువు. ఆ ఓడల్లోనూ భార్యలున్నారు. చంకన బిడ్డలున్న తల్లులున్నారు. వాళ్ళకి స్తంభాలెవరూ కట్టలేదు. అలాంటిచోట కనీసం ఒక పలకైనా వుండకూడదా?

చేసినవాళ్ళు లేరు కదా, ఇప్పటివాళ్ళు తలొంచుకోవడం దేనికి అంటారేమో. పెద్దల ఆస్తి కావాలి గాని పెద్దల అప్పు అక్కర్లేదంటే ఏ పంచాయితీ ఒప్పుకుంటుందండీ? ఆ గోపురం మాదే, ఆ అద్దాలు మావే అనుకున్నవాళ్ళు ఆ వురితాళ్ళు కూడా మావే అనుకోవాలి. 1222 లో ఆక్స్‌ఫర్డులో మతపెద్దలు సభ చేసి, యూదులు గుర్తుగా బట్ట ముక్క తగిలించుకుని తిరగాలని శాసించారు. 2022 లో, సరిగ్గా 800 ఏళ్ళకి, ఆ వూళ్ళోనే ప్రార్థన జరిపి క్షమాపణ చెప్పుకున్నారు. ఎవరి తలా తెగి పడలేదు. గుడి గోడ ఒక్కటీ కూలలేదు.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది మరొకటుంది. ఆ పిల్లవాడు నిజంగానే చచ్చిపోయాడు. వాడికో తల్లి వుంది. ఆవిడ నెల్లాళ్ళు వీధి వీధీ వెతుక్కునే వుంటుంది. కట్టుకథ దొరకగానే నిజం వెతకడం మానేశారు. పుకారు ఆ 18 మందినే కాదు, ఆ బిడ్డకి జరగవలసిన న్యాయాన్ని కూడా చంపేసింది. పిల్లలమీద ప్రేమతోనే కదా ఆవేశపడ్డాం అంటే సరిపోదు. ప్రేమ వున్నవాళ్ళు అసలు ఏం జరిగిందో కనుక్కుంటారు.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకెందుకంటారా? 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో మెసేజీలు వచ్చాయి. హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని ఆ అనుమానంతోనే గుంపు కొట్టి చంపింది. ఎత్తుకుపోయిన పిల్లా లేదు, ముఠా లేదు. అక్కడ బావి, ఇక్కడ ఫోను, అంతే తేడా. ఆ మెసేజీలు రౌడీలు మాత్రమే పంపారా? "మీ పిల్లలు జాగ్రత్త" అని అక్కకీ, చెల్లెలికీ, వదినకీ పంపినవాళ్ళు ఎవరు? కుక్కరు విజిలు లెక్కపెడుతూ, చదివీ చదవకుండా పంపింది మనలాంటి తల్లులే. బాణామతి చేస్తోందని ఒంటరి ముసలమ్మని వెలేసినప్పుడు కూడా ఆ మాట మోసేవాళ్ళలో ఆడవాళ్ళూ వుంటారు.

కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో ఇంగ్లండు తీసుకెళితే తప్పకుండా వెళ్ళండి. ఆ గుట్టెక్కండి, అద్దాలు చూడండి, భూతం బొమ్మ కొనుక్కోండి, నేనేమీ వద్దనను. కాని ఆ దిమ్మ దగ్గర ఆగి ఆ పలక చదవండి, పక్కనున్న పిల్లలకి చదివి వినిపించండి. నా దృష్టిలో ఆ గుడి మొత్తంలో అంతకన్నా ఎత్తయినది ఇంకోటి లేదు. వెళ్ళడం పడకపోయినా ఫరవాలేదు. ఈసారి ఫోనులో అలాంటి కబురు వచ్చినప్పుడు, ఇంకొకరికి పంపేముందు "ఎవరు చూశారమ్మా?" అని ఒక్క ప్రశ్న అడగండి. లింకన్ వాళ్ళు ఆ ప్రశ్న తమ గోడ మీద రాసుకునేసరికి ఏడువందల ఏళ్ళు పట్టింది. ఆ 18 మందికి అది పనికిరాలేదు. మనం కాస్త ముందే అడుగుదాం.