ట్రాక్ మీద ఓడిపోతే పరుగు రానట్టేనా?



మొన్న మా హాస్టల్ తమ్ముడొకడు సెలక్షన్స్‌కి వెళ్లొచ్చాడు. 1500 మీటర్లు. మొదటి రౌండ్ అందరికంటే ముందున్నాడంట. మూడో రౌండ్‌కి ఊపిరి అందలేదు, ఆఖర్న వచ్చాడు. "అన్నా, నాకు పరుగు రాదు, మానేస్తా" అంటున్నాడు. ఊళ్లో గెడ్డ దాటి కొండెక్కి వస్తే వీడితో ఎవరూ సాగలేరు. అందుకే ఈ పోస్టు.

ట్రాక్ అంటే 400 మీటర్ల రౌండు. నేల చదును, దూరం లెక్క, ప్రతి రౌండుకీ టైము. 10,000 మీటర్లంటే అలాంటివి 25. అక్కడ గడియారమే సారు. క్రాస్ కంట్రీ గడ్డిలో, బురదలో, ఎత్తుపల్లాల్లో. ఒక్కో చోట ఒక్కో దారి కాబట్టి అందులో ప్రపంచ రికార్డు అనేదే లేదు. ఎన్ని నిమిషాలని కాదు, ఎన్నోవాడిగా వచ్చావనే చూస్తారు. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయాలి, దిగేటప్పుడు కాలు జారకుండా చూసుకోవాలి.

నాకు బాగా నచ్చింది టీమ్ లెక్క. ప్రపంచ పోటీల్లో సీనియర్లకి దేశానికి ఆరుగురు పరిగెడితే, ముందొచ్చిన నలుగురి స్థానాలు కలుపుతారు. తక్కువ మొత్తం వచ్చిన జట్టుదే గెలుపు. అంటే ఒక్క స్టార్ చాలడు. నాలుగోవాడు చివర్లో ఇద్దర్ని దాటినా ఫలితం మారిపోవచ్చు. కెన్యా మగవాళ్ల జట్టు 1986 నుంచి 2003 వరకు వరసగా 18 సార్లు గెలిచింది.

"కొండ పిల్లలు పుట్టుకతోనే పరిగెడతారు" అంటారు కొందరు. ఈ మాట నాకు నచ్చదు. పొగిడినట్టే ఉంటుంది గానీ, కోచింగ్ ఇవ్వకపోవడానికి అదో సాకు. నాసిక్ దగ్గర సావర్‌పాడా అనే ఆదివాసీ ఊరి కవితా రౌత్ 2010 కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కాంస్యం తెచ్చింది. అది ట్రాక్ మీద, ఏళ్ల తరబడి ప్రాక్టీసుతో.

"పోలీసు ఉద్యోగానికి చదును నేల మీద 1600 మీటర్లే కదా, కొండల్లో పరుగెందుకు?" అని మీరడగొచ్చు. నిజమే, అది వదలకూడదు. కానీ రెండూ శత్రువులు కావు. ఇథియోపియా బెకెలె 2002 నుంచి 2006 దాకా ఏటా ప్రపంచ క్రాస్ కంట్రీలో రెండు రేసులూ గెలిచాడు. ఆ మధ్యలోనే ట్రాక్ మీద ఒలింపిక్ స్వర్ణం, ప్రపంచ రికార్డులు కూడా. కొండ దమ్ము ఇస్తుంది, ట్రాక్ లెక్క నేర్పిస్తుంది. మా తమ్ముడికి లేనిది ఆ లెక్కే, పరుగు కాదు.

మన హాస్టళ్లలో చాలావాటికి ట్రాక్ లేదు. అది వచ్చేదాకా ఆగాలా? అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. ఈలోపు ఫోన్‌లో కొలిచి రెండు కిలోమీటర్ల దారి పెట్టుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే ఆరుగురు పరుగెత్తండి, నలుగురి స్థానాలు కలపండి, పక్క హాస్టల్‌తో పోటీ పెట్టండి. అమ్మాయిల జట్టు కూడా తప్పకుండా ఉండాలి.

మీ దగ్గర కూడా ఒక్క రేసుతో మానేసిన తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈ పోస్టు చదివి వినిపించండి.