నౌకరి జేబులో, ఫోను చేతిలో

యాకుత్‌పురా స్టేషన్‌లో పొద్దున ఎంఎంటీఎస్ ఎక్కే ఉద్యోగుల చేతిలో ఒకప్పుడు పేపరు ఉండేది. చదివి మడిచి సంచిలో పెట్టుకునేవారు. ఇప్పుడు ఫోను ఉంది. అది చదివిన దాని కిందనే మన మాట కూడా రాయమంటుంది. రైలు మలక్‌పేట చేరేలోగా రాసిన నాలుగు ముక్కలు సాయంత్రానికి సారు టేబుల్ మీద కాగితమై కూర్చుంటున్నాయి.

మా బస్తీలోనే ఒక జూనియర్ అసిస్టెంటుకు ఇట్లాగే అయింది. పేరు వద్దు, ఆఫీసు వద్దు. పెండింగ్ బిల్లులు రాలేదని కడుపు మండి వాట్సాప్ గ్రూపులో రాశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. రుజువు కోసమని ఫైలు నోటుకు ఫోటో తీసి పెట్టాడు. "మనోళ్ల గ్రూపే గదా" అనుకున్నాడు. మూడో రోజు తాఖీదు వచ్చింది. అందులో బిల్లుల ఊసే లేదు. ఆఫీసు కాగితం బయట ఎందుకు పెట్టావని మాత్రమే సంజాయిషీ అడిగారు. న్యాయమైన గోస వెనక్కి పోయి, చిన్న తప్పు ముందుకొచ్చింది.

మన ఉద్యోగుల నోటికి తాళం వేసిన ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. 2014లో రాష్ట్రం వేరుపడ్డా ఆ తాళం మాత్రం మనతోనే వచ్చింది. పత్రికలనూ రేడియోనూ దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ నియమాలనే ఇవాళ ఫోనుకూ తగిలిస్తున్నారు.

పెద్ద కొలువులో ఉన్నవారికీ తిప్పలు తప్పలేదు. కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేత మీద కృత్రిమ మేధతో చేసిన ఒక బొమ్మను 2025 మార్చి 31న ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ ఎక్స్‌లో రీపోస్ట్ చేశారు. బొమ్మ ఆమె చేసింది కాదు. అయినా ఏప్రిల్‌లో గచ్చిబౌలి పోలీసుల నోటీసు వచ్చింది. అదే బొమ్మను పంచుకున్న రెండు వేల మంది మీద కూడా ఇదే చర్య ఉందా అని ఆమె ఎదురు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ నెలాఖరుకే పర్యాటక శాఖ నుంచి ఆమె బదిలీ అయ్యారు. రెండింటికీ ముడిపెట్టడం మా ఉద్దేశం కాదు. ఎదురు ప్రశ్న వేసే హోదా ఆమెకు ఉంది, మా బస్తీ జూనియర్ అసిస్టెంటుకు ఏదీ?

నౌకరిలో చేరినంత మాత్రాన పౌరహక్కులు పోవని 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫేస్‌బుక్ పోస్టు పేరుతో రిటైరయ్యే నెలలో సస్పెండయిన ఒక ఉద్యోగిని పక్షాన 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు నిలిచింది. సంతోషమే. కానీ ఆమె రిటైరైంది 2018లో. తీర్పు వచ్చేదాకా సగం జీతంతో ఇంటి కిరాయి ఎవరు కడతారు?

హైటెక్ సిటీలో పనిచేసే మన పిల్లలకు ఈపాటి ఆసరా కూడా లేదు. రాజ్యాంగంలోని 311వ అధికరణ వారికి వర్తించదు. ఆర్డరులో ఏ షరతు మీద సంతకం పెట్టారో ఒకసారి తీసి చదువుకోవాలి.

రాయొద్దని మేము అనం. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు నిలబడ్డ ఉద్యోగులకు నోరు మూసుకోమని చెప్పడానికి మేమెవరం? అయితే నాడు నిలబడింది సంఘం. ఒంటరిగా రాసినవాడు సులువుగా దొరుకుతాడు. బిల్లులు, డీఏ, బదిలీల సంగతి సంఘం లెటర్‌హెడ్ మీద పోనీయండి. ఆ ఫైలు నోటునే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగవచ్చు. అట్లా చేతికొచ్చిన కాగితాన్ని నలుగురికి చూపినా, దొంగచాటుగా ఫోటో తీశావనే మాట రాదు.

ఇంకొకటి, పాతబస్తీ వాళ్లం గనుక చెప్పాలి. పండుగ రోజుల్లో ఎవరో పంపిన వీడియోను చూడకుండా ముందుకు తోసే ఉద్యోగిని మాత్రం మేము వెనకేసుకు రాము. అక్కడ దెబ్బ తగిలేది సర్కారుకు కాదు, పక్కింటి వాళ్లకు.

మా బస్తీ మిత్రుని సంజాయిషీని సంఘం పెద్దలు దగ్గర కూర్చుని రాయించారు. ఫోటో పెట్టినందుకు విచారం తెలిపాడు. బిల్లులు అడిగినందుకు తెలపలేదు. ఆ బిల్లులు ఇంకా రాలేదు.