పురుగు గుట్టు కూలీకీ తెలియాలి

గొంగళిపురుగు ఎందుకంత మేస్తుంది? జువెనైల్ హార్మోన్ ఉన్నంతకాలం అది పురుగుగానే ఉంటుంది. సమయం రాగానే ఓ ఎంజైము ఆ హార్మోనును విరిచేస్తుంది, మేత ఆగుతుంది. ఆ ఎంజైమునే ముందుగా ఎక్కిస్తే?

1990లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు వైరస్ ద్వారా ఎక్కించి చూశారు. కాని పురుగు గుండె పక్కనుండే కణాలు ఎంజైమును రక్తంలోంచి లాగేసి, తమ లైసోసోముల్లో అరగదీసుకుంటాయి. తరువాత ఎంజైములో రెండుచోట్ల లైసిన్‌ను మార్చారు. అరుగుదల తగ్గింది, వైరస్ పదునెక్కింది.

ఇది మనకెందుకంటారా? 1997-98లో పురుగుమందుల అప్పులు వరంగల్ పత్తిరైతుల ఉసురు తీశాయి. మందు కొట్టే కూలీ నేటికీ విషం పీలుస్తూనే ఉన్నాడు. ఇలాంటి పరిశోధన కంపెనీల గుప్పిట్లో పడకూడదు. భద్రత తేల్చి, ప్రభుత్వమే చేనుదాకా తేవాలని మేం అడుగుతున్నాం.