కోలా డబ్బాలో బీరు

ఇంట్లో బీరు కాచుకోవడాన్ని పన్ను లేకుండా అనుమతించే చట్టంపై అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేశారు. పీపాలు మాత్రం శీతల పానీయాల కంపెనీల చలవే. కోలా సిరప్‌ను అవి ప్లాస్టిక్ సంచుల్లోకి మార్చడంతో మూలపడ్డ 19 లీటర్ల స్టీలు డబ్బాలు బీరు రాయుళ్ల ఇళ్లకు చేరాయి.

డబ్బా వచ్చింది సరే, వాసన వదిలితేగా! స్టీలును ఎంత తోమినా రబ్బరు రింగులు కోలా వాసనను దాచుకుంటాయి. వాటిని మార్చాల్సిందే. గొట్టాలు, వాల్వులు విడదీసి కడిగి, శానిటైజర్ పట్టించాలి. బ్లీచ్‌లో నానబెడితే స్టీలుకే చిల్లులు. ఒక్క వాల్వులో మడ్డి మిగిలినా 19 లీటర్లూ పులిసిపోయి మోరీ పాలు కావచ్చు.

గ్యాస్ పట్టించడం దీనికంటే తేలిక. 4 డిగ్రీల చలిలో, 12 పీఎస్ఐ ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ వదిలితే వారం పది రోజుల్లో బీరులో కలిసిపోతుంది. ఆగలేక ఒత్తిడి పెంచి డబ్బాను ఊపేసేవారూ ఉన్నారు. లెక్క తప్పితే గ్లాసు నిండా నురగే.