ఇద్దరు అబ్బాయిల ప్రేమకథలు – మా గది అభిప్రాయం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు మా గదిలో పెద్ద చర్చే జరిగింది. సమయపాలన మీద రాద్దామని ఒకరు, మహిళా సాధికారత మీద రాద్దామని ఇంకొకరు అన్నారు. అవి ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నాయి, ప్రతి ఏడాదీ చదవకుండానే పేజీ తిప్పేస్తున్నాము. నిజంగా రాత్రిళ్ళు మనం దేని గురించి మాట్లాడుకుంటామో దాని మీదే రాద్దామని చివరకు తీర్మానించాము. కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ వ్యాసం థాయ్‌లాండ్, జపాన్, చైనా దేశాల్లో వచ్చిన ‘బాయ్స్ లవ్’ సీరియళ్ళ గురించి. ఇద్దరు అబ్బాయిలు ఒకరినొకరు ప్రేమించుకునే కథలన్నమాట. పొట్టిగా బి.ఎల్. అంటారు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తరువాత నవ్వడం కొంచెం కష్టం.

మా గది అంటే నలుగురం. ఆలోచన నలుగురిదీ, చేతిరాత ఒకరిది. ఇరవై మూడేళ్ళు వచ్చాయి, పి.జి. చదువుతున్నాము. మాలో ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు డిగ్రీ పట్టా అందుకున్నవాళ్ళు లేరు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూసేసి అందరినీ ఇళ్ళకు పంపినప్పుడు ఈ సీరియళ్ళు మాకు పరిచయమయ్యాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో థాయ్‌లాండ్‌లో ‘టుగెదర్’ అనే సీరియల్ మొదలైంది. తన వెంటపడుతున్న ఒకణ్ణి వదిలించుకోవడానికి, నా ప్రియుడిగా నటించమని ఒక కాలేజీ కుర్రాడు గిటారు వాయించే ఇంకో కుర్రాణ్ణి బతిమాలుకునే కథ. థాయ్ భాష రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. ఒక్కో ఎపిసోడ్ నాలుగు ముక్కలుగా యూట్యూబ్‌లో ఉండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చూశాము. మా ఇంగ్లీషు కొంత బాగుపడిందంటే అందులో ఈ సీరియళ్ళ వాటా ఉందని మా లెక్చరర్లకు మనవి.

మాలో ఒకరి అమ్మ ఆ రోజుల్లో కూలికి పోయి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పక్కన కూర్చుని కాసేపు చూసింది. “వీళ్ళిద్దరూ అన్నదమ్ములా?” అని అడిగింది. కాదని చెప్పాము. ఎవరని మళ్ళీ అడగలేదు. ఇంకాసేపు చూసి “ఎంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారే” అంది. అమ్మకు థాయ్ రాదు, ఇంగ్లీషూ రాదు. గొంతులు విని చెప్పింది.

ఈ కథలు మొదట ఎవరు రాశారో తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. ఆడవాళ్ళు! 1970లలో జపాన్‌లో అమ్మాయిల పత్రికలకు బొమ్మల కథలు గీసిన కేయికో తకేమియా, మోతో హగియో వంటి యువతులు. తకేమియా 1976లో మొదలుపెట్టిన ‘కజే తో కి నో ఉతా’ ఫ్రాన్స్‌లో ఒక బడి హాస్టల్‌లో ఉండే ఇద్దరు అబ్బాయిల కథ. అందులో ఒకడి తల్లి రోమా జాతి స్త్రీ, ఒంటి రంగు చూసి తోటిపిల్లలు వాణ్ణి దూరం పెడతారు. అంటే ఈ బాటలో తొలి కథల్లో ఒకటి హాస్టల్ కథే, అందులోనూ పుట్టుకను చూసి వెలివేసే హాస్టల్ కథ! ఆ తరువాత నవలల మీదుగా ఇది టీవీకి ఎక్కింది. థాయ్‌లాండ్‌లో 2014లో ‘లవ్ సిక్’, 2016లో ‘సోటస్’ వచ్చాక ఇక ఆగలేదు.

అబ్బాయిల ప్రేమకథ మీద అమ్మాయిలకు ఎందుకంత ఇష్టమని అడిగేవారికి మా జవాబు ఇది. మన సినిమాల్లో హీరో కాలేజీ గేటు నుంచి బస్టాపు దాకా హీరోయిన్ వెంటపడతాడు. వద్దంటే పాట పాడతాడు. చివరకు ఆమె కాదనడమే తప్పయిపోతుంది. అట్లాంటి వెంటపడటం నిజంగా ఎట్లా ఉంటుందో, సాయంత్రం ఏడు దాటాక ఆటో దిగి హాస్టల్ దాకా నడిచివచ్చే మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇద్దరు అబ్బాయిల కథలో మన స్థానంలో నిలబడి అవమానపడే అమ్మాయి ఉండదు. అందుకే ఊపిరి పీల్చుకుని ప్రేమను ప్రేమగా చూడగలిగాము. జపాన్‌లో 2020లో వచ్చిన ‘చెర్రీ మ్యాజిక్’లో ఒక ఆఫీసు విందు ఉంటుంది. ఆటలో భాగంగా ఇద్దరు మగవాళ్ళను ముద్దు పెట్టుకోమని అందరూ కేకలు వేస్తుంటారు. ఎదుటివాడు భయపడుతున్నాడని గమనించిన కురొసావా నుదుటి మీద ముద్దుతో సరిపెడతాడు. ఎన్నో ఏళ్ళుగా ప్రేమిస్తున్న మనిషి అంత దగ్గరగా దొరికినా, వాడి భయానికే విలువ ఇచ్చాడు. ఆ సన్నివేశం మేము ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో లెక్క లేదు.

అయితే అన్నీ ఇట్లా ఉంటాయనుకుంటే పొరపాటు. ‘సోటస్’ సంగతి చూడండి. ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడాది సీనియర్లు కొత్త పిల్లలను వరసలో నిలబెట్టి అరుస్తారు, పరుగెత్తిస్తారు, గుంజీలు తీయిస్తారు. ఆ అరిచేవాళ్ళ నాయకుడు ఆర్తిత్. ఎదురుతిరిగిన జూనియర్ కాంగ్‌పాబ్. వాళ్ళిద్దరి మధ్యే ప్రేమ. మొదట్లో ఈ పద్ధతిని నిలదీసే కథ, పోనుపోను సీనియర్ల కేకల వెనుక మంచి ఉద్దేశం ఉందని నచ్చజెప్పడానికి చూస్తుంది. మాకు అక్కడ మింగుడుపడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. చట్టం ఉన్నా మొదటి ఏడాది ఏమేమి జరిగాయో మనకు తెలుసు. ఊరి పేరు అడిగి, ఇంటిపేరు అడిగి, తరువాత ‘హాస్టల్ పిల్ల’ అని పేరు పెట్టిన సీనియర్ల మీద ప్రేమ పుడుతుందంటే మేమైతే నమ్మము.

అదే సీరియల్ మొదట్లో ఇంకో మాట ఉంది. సీనియర్ల బ్యాడ్జీ లాంటి గేరు ఎట్లా సంపాదిస్తావని ఆర్తిత్ గద్దిస్తే, నిన్ను నా పెళ్ళాన్ని చేసుకుంటానని కాంగ్‌పాబ్ జవాబిస్తాడు. అందరూ గొల్లున నవ్వుతారు. మొదటిసారి మేమూ నవ్వాము. రెండోసారి చూసినప్పుడు ఆగిపోయాము. అమ్మాయి లేని కథలో కూడా ‘పెళ్ళాం’ అన్న మాట ఎదుటివాణ్ణి కిందికి దించడానికి పనికొచ్చింది! పాత బి.ఎల్. కథల్లో ఇది చాలా చోట్ల ఉంది. 2019 నాటి ‘థార్న్‌టైప్’లో మత్తులో ఉన్న గది స్నేహితుణ్ణి తాకే సన్నివేశాన్ని కూడా ప్రేమ లెక్కలోనే వేశారు. అబ్బాయిలైనంత మాత్రాన అది తప్పు కాకుండా పోతుందా?

ఇక డబ్బు సంగతి. ఈ కుర్రాళ్ళలో చాలామంది తెల్లగా, సన్నగా, కారులో కాలేజీకి వస్తారు. ఒక్కడికే అద్దాల గది, అందులో పెద్ద మంచం. మేము ట్రంకుపెట్టెలకు ఆనుకుని, పెచ్చులూడే గోడ కింద కూర్చుని ఆ గదిని చూసేవాళ్ళము. కథ కన్నా ఆ గదిలో గీజర్ ఉందా లేదా అనే చర్చ మాకు ఎక్కువ. 2021 నాటి ‘ఎ టేల్ ఆఫ్ థౌజండ్ స్టార్స్’లో కొండ ఊరి బడికి బ్యాంకాక్ నుంచి ధనవంతుల బిడ్డ పంతులుగా వస్తాడు. ఆ సీరియల్ అంటే మాకు ప్రాణమే, కాని అట్లాంటి పల్లెల నుంచి వచ్చిన మాకు ఒక చిన్న కినుక. ఆ బడిలో చదివిన పిల్లే పెరిగి పంతులమ్మగా తిరిగొచ్చే కథ ఎప్పుడు తీస్తారు?

ఈ లోటు తీర్చినది ‘మూన్‌లైట్ చికెన్’, 2023లో వచ్చింది. పట్టాయాలో రాత్రిపూట కోడికూర అన్నం అమ్ముకునే జిమ్ కథ. వాడికి అప్పులు, మేనల్లుడు లిమింగ్‌ను సాకే బాధ్యత. ప్రేమ తలుపు తడితే ముందు దుకాణం లెక్కలు గుర్తొచ్చే మనిషి. అట్లాంటి మనుషులు మన ఇళ్ళలో ఎంతమందో! లిమింగ్‌కు చెవులు వినపడని హార్ట్ అనే కుర్రాడితో స్నేహమవుతుంది. కన్న తల్లిదండ్రులే నేర్చుకోని సంజ్ఞల భాషను వాడితో మాట్లాడాలని లిమింగ్ నేర్చుకుంటాడు. మా నలుగురి ఓటూ దీనికే. ఒకే ఒక్కటి చూసే తీరిక ఉన్నవాళ్ళు ఇదే చూడండి.

తెర మీద ఎంత ప్రేమ ఉన్నా బయట ప్రభుత్వాలు ఉంటాయి. చైనాలో 2016లో ‘అడిక్టెడ్’ అనే సీరియల్‌ను మధ్యలోనే తీసేశారు. 2019లో ‘ది అన్‌టేమ్డ్’ వచ్చేసరికి నవలలో ఉన్న ప్రేమను స్నేహంగా మార్చి తీయవలసివచ్చింది. ఐనా ఆ ఇద్దరి చూపులను మార్చలేకపోయారు, అది వేరే సంగతి. తైవాన్‌లో ఇట్లాంటి జంటల పెళ్ళికి 2019 మే 24 నుంచి చట్టం ఉంది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి అమలులోకి వచ్చింది. మన దేశంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ ప్రేమ నేరం కాదని చెప్పింది. పెళ్ళి విషయం మాత్రం తాము ఇవ్వగలిగింది కాదని, చట్టసభల పని అని 2023 అక్టోబర్ 17న చెప్పింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ తేదీలు గుర్తుపెట్టుకుంటారు. మేమూ అట్లాగే గుర్తుపెట్టుకున్నాము, తేదీలుగా.

ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉన్న విషయానికి వచ్చాము. 2022 చివర్లో థాయ్‌లాండ్‌లో ‘గ్యాప్’ మొదలైంది. ఇద్దరు అమ్మాయిల ప్రేమకథ. యజమానురాలు శామ్, ఉద్యోగిని మోన్. అన్ని సీరియళ్ళూ పడీపడీ చూసిన మేము దీన్ని మాత్రం వాయిదా వేస్తూ వచ్చాము. డేటా లేదన్నాము, పరీక్షలన్నాము. ఒకసారి మొదలుపెట్టి, కారిడార్‌లో చెప్పుల చప్పుడు వినపడగానే ఫోన్ బోర్లా పెట్టేశాము. అబ్బాయిల కథ చూస్తూ పట్టుబడితే నవ్వి ఊరుకుంటారు, అమ్మాయిల కథ చూస్తూ పట్టుబడితే మన మంచాల వైపు చూస్తారు. ఆ భయం మాకు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు బాగా తెలుసు. ఇంకొకరికి అదే భయం పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాము.

ఏ సంవత్సరమో, ఏ హాస్టలో చెప్పము. ఇద్దరు అమ్మాయిలు ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు, ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్ళు, చలికాలం ఒకే దుప్పటి. అట్లా ఉండేవాళ్ళు హాస్టల్‌లో ఎంతమంది లేరు? కాని వాళ్ళకు ఎవరో ఒక పేరు పెట్టారు. ఆ పేరు నల్లా దగ్గర, భోజనాల వరసలో, స్టడీ అవర్‌లో తిరిగింది. రాత్రి ఫోన్‌లో ఇద్దరు అబ్బాయిలు విడిపోతుంటే దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్న మేమే, పొద్దున బకెట్లు పట్టుకుని ఆ పేరు చెప్పుకుని నవ్వాము. పెద్దవాళ్ళ చెవిన పడింది. ఇద్దరి గదులూ మార్చారు. నెల తిరగకుండా ఒకరి ఇంటినుంచి వచ్చి పెట్టె తీసుకువెళ్ళారు. చదువు అక్కడితో ఆగింది. ఆ ఇంట్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే.

వాళ్ళిద్దరి మధ్య ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు. స్నేహమే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. తెలుసుకునే హక్కు మాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

‘గ్యాప్’ మేము ఈ మధ్యనే పూర్తిచేశాము, ఫోన్ బోర్లా పెట్టకుండా. గొప్ప సీరియల్ ఏమీ కాదు, మధ్యలో సాగదీశారు. వార్డెన్ మేడమ్ ఒకసారి తలుపు దగ్గర నిలబడి, ఏం చూస్తున్నారమ్మా అని అడిగారు. ప్రేమకథ మేడమ్ అన్నాము. చార్జింగ్ పెట్టి నిద్రపోకండి, వైర్లు కాలుతున్నాయి అని చెప్పి వెళ్ళిపోయారు.

ఈ సంచిక పూర్వ విద్యార్థినులకు కూడా పంపుతారని చెప్పారు. ఆ ఇద్దరిలో ఎవరి చేతికైనా ఇది చేరితే, నల్లా దగ్గర నవ్వింది మేమే. మా ఫోన్ నంబర్లు మారలేదు.