విద్యార్థికి అద్దె గది: ఎవరి బాధ్యత?

కళాశాల పరీక్షలకు కాలపట్టిక ఉంటుంది, పాఠ్యగ్రంథాలు ఉంటాయి, తప్పినవారికి మరల వ్రాసుకొనే అవకాశమూ ఉంటుంది. ఇవేవీ లేని పరీక్ష ఒకటి ప్రతి సంవత్సరం వేసవి సెలవుల అనంతరం మన విద్యార్థులకు ఎదురవుతున్నది. అదే అద్దె గది కోసం అన్వేషణ. వసతి గృహంలో ఉన్న కొద్ది గదులను కొత్తగా చేరినవారికి కేటాయించడం న్యాయమే. తొలిసారి ఇల్లు విడిచి వచ్చిన పిల్లలను నగర వీధులలో వదలివేయలేము. అయితే ఆ న్యాయానికి మూల్యం చెల్లిస్తున్నది రెండవ సంవత్సరపు విద్యార్థి. నిన్నటి వరకు మన కప్పు క్రింద ఉన్నవాడు నేడు పెట్టె చేతబట్టుకొని బెజవాడ వీధులలో ‘టు లెట్’ పలకలు చదువుకుంటూ తిరుగుతున్నాడు. ఈ తిరుగుడు అతని సొంత వ్యవహారమనీ, కళాశాలకు సంబంధం లేనిదనీ మనలో చాలామంది అభిప్రాయం. ఆ అభిప్రాయం సరియైనది కాదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన విద్యార్థులలో అధిక భాగం విజయవాడవారు కారు. బందరు, పెడన, గుడివాడ, కైకలూరు, చల్లపల్లి, అవనిగడ్డల నుండి, అటు నందిగామ, జగ్గయ్యపేటల నుండి వచ్చినవారు. ఒకప్పుడు డెల్టా యువకులు ఉన్నత విద్యకై బందరు వెళ్లేవారు. 1843లో రాబర్టు నోబుల్ అక్కడ స్థాపించిన పాఠశాలయే కాలక్రమాన నోబుల్ కళాశాల అయింది. తరువాత బెజవాడ పెద్ద రైలు కూడలి కావడంతో చదువుల ప్రవాహం ఇటు మళ్లింది. 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1953లో ఆంధ్ర లయోలా కళాశాల, 1962లో మేరీస్ స్టెల్లా కళాశాల వెలిశాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగి, ప్రభుత్వ కార్యాలయాలు ఈ ప్రాంతానికి తరలి వచ్చిన పిమ్మట అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. ఉద్యోగి ఇవ్వగలిగిన అద్దెతో విద్యార్థి పోటీ పడవలసి వచ్చింది.

రైలు సౌకర్యం ఉన్న గుడివాడ, తెనాలి, ఏలూరు విద్యార్థులు సీజను టిక్కెట్టుపై రోజూ వచ్చి పోగలరు. డిగ్రీ పూర్తయ్యే వరకు బాలికలకు రెండవ తరగతి సీజను టిక్కెట్టును రైల్వేవారు ఉచితంగానే ఇస్తున్నారు. ఈ సదుపాయం తెలియని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు కనుక ఇక్కడ పేర్కొంటున్నాను. కాని దివిసీమకు రైలు లేదు. అవనిగడ్డ విద్యార్థి రోజూ వచ్చి పోవాలంటే మూడు నాలుగు గంటలు బస్సులోనే గడచిపోతాయి. అట్టివారికి నగరంలో ఒక గది విలాసం కాదు, చదువు సాగడానికి మొదటి షరతు.

మన పూర్వులు విద్యార్థి నివాసాన్ని విద్యకు వెలుపలి విషయంగా భావించలేదు. పరాయి ఊరిలో చదువుకొనే పేద బాలునికి వారాలిచ్చే ఆచారం తెలుగునాట ఉండేది. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం చేసి ఎందరో విద్యావంతులైనారు. మదరసాలో చదివే బాలునికి మహల్లాలోని ఇళ్ల నుండి రొట్టె, కూర పంపే ఆచారమూ అట్టిదే. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్ విద్యాలయానికి అంకురార్పణ చేసినప్పుడు తరగతి గదులతో పాటు నివాస మందిరాలకూ సమాన ప్రాధాన్యం ఇచ్చారు. హైదరాబాదులో 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టలు ఏర్పడి, తెలంగాణ పల్లెల నుండి వచ్చిన యువకులకు నీడనిచ్చింది. ఈ ఏర్పాట్లలో చాలావాటికి కులమతాల పరిధులు ఉండేవన్నది నిజమే. అయినా బిడ్డ రాత్రి ఎక్కడ తలదాచుకుంటాడన్న ప్రశ్నను నాటి పెద్దలు తమ ప్రశ్నగా స్వీకరించారు. ఆ సంస్కారం మనకు ఆదర్శప్రాయం.

నేటి పరిస్థితి చూడండి. విద్యార్థి తలుపు తట్టగానే మొదటి ప్రశ్న “ఏ ఊరు బాబూ?” అని. రెండవది “పెళ్లయిందా? మేము ఫ్యామిలీలకే ఇస్తాం” అని. అది దాటితే మూడవది “మీరేమిట్లు?” అని. పేరు చెప్పిన తరువాత ప్రశ్నలు అవసరం ఉండవు. “నీసు వండుతారేమో, మా ఇంట్లో పడదు” అనేవారు కొందరు. “నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు” అనేవారు మరికొందరు. వారం గడచినా ఆ ఇంటి పలక అక్కడే వ్రేలాడుతూ ఉంటుంది. ముస్లిం విద్యార్థికే కాదు, దళిత మిత్రులకూ ఈ అనుభవం కొత్త కాదు. ఇది ఒక్క బెజవాడ దోషమూ కాదు. ఢిల్లీ పరిసరాలలో ఇళ్ల అద్దెల విషయమై సుఖదేవ్ థోరాట్ ప్రభృతులు జరిపిన పరిశీలన 2015లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడింది. అగ్రవర్ణ హిందువులకు సులభంగా లభించిన ఇల్లు దళితులకు, అంతకంటె ఎక్కువగా ముస్లిములకు నిరాకరించబడుతున్నదని అది తేల్చింది.

ఇంటి యజమాని పక్షం కూడా వినడం ధర్మం. మన నగరంలో మేడమీది గది అద్దెకిచ్చే వారందరూ ధనవంతులు కారు. పింఛనుతో పాటు ఆ అద్దెపై ఆధారపడిన వృద్ధ దంపతులు ఉన్నారు. భర్తను కోల్పోయి పిల్లలను చదివించుకొంటున్న తల్లులు ఉన్నారు. గదికి ముగ్గురమని చెప్పి ఆరుగురు చేరడం, అర్ధరాత్రి మోటారు సైకిళ్ల మోత, కరెంటు బిల్లు చెల్లించకుండానే పరీక్షలైన మరునాడు వెళ్లిపోవడం వారు చూసిన సంగతులే. వారి భయంలో దురభిప్రాయం ఎంత, అనుభవం ఎంత అని వేరు చేయడం సులభం కాదు. కాని అనుభవం వలన కలిగిన భయాన్ని హామీ తొలగించగలదు. ఆ హామీ పందొమ్మిదేండ్ల కుర్రవాడు ఇస్తే చెల్లదు, ఒక సంస్థ ఇస్తే చెల్లుతుంది. మన కళాశాల ప్రవేశించవలసిన చోటు ఇదే.

చట్టం ఈ తలుపు తెరుస్తుందా అని కొందరు అడుగవచ్చు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రహదారుల విషయంలో కులమతాల వివక్షను నిషేధించింది. సొంత ఇంటిని అద్దెకిచ్చే వ్యక్తి ఆ జాబితాలో లేడు. గుజరాత్‌లో పార్శీలకే సభ్యత్వం పరిమితం చేసిన ఒక గృహనిర్మాణ సహకార సంఘపు నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక తలుపు తెరిపించే శక్తి చట్టానికి స్వల్పం. తెరుచుకున్న తరువాత మాత్రం అది ఉపకరిస్తుంది. సంవత్సరానికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాబట్టే పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. నెలసరి అద్దెకున్న వారిని, వేరే ఒడంబడిక లేనప్పుడు, పదిహేను రోజుల నోటీసు లేకుండా ఖాళీ చేయించరాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని, రాష్ట్రాలకు మార్గదర్శకంగా 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం సూచించింది. ఈ నాలుగు ముక్కలు తెలిసిన విద్యార్థి, చేతిలో ఒక కాగితం, నెలనెలా ఒక రసీదు ఉంచుకుంటాడు. తెలియనివాడు మాట మీద చేరి, మాట మీదనే వీధిన పడతాడు.

తలుపులు మూసుకున్నప్పుడు మన విద్యార్థులు వించిపేట, తారాపేట, ఇస్లాంపేటలకు చేరుతున్నారు. అక్కడ ఆదరణ ఉన్నది, మసీదు దగ్గర, భోజనానికి చింత లేదు, ఉర్దూ మాట చెవిన పడుతుంది. ఇష్టపడి అక్కడ ఉండేవారిని ఎవరూ తప్పుపట్టరు. గత్యంతరం లేక అక్కడికి చేరడం వేరు. అందరూ ఒకే చోటికి నెట్టబడినప్పుడు అక్కడా అద్దె పెరుగుతుంది, గదికి తలలు పెరుగుతాయి, చదువుకొనే చోటు తరుగుతుంది. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ఒకే బల్ల మీద కూర్చుంటున్నాయి. సాయంత్రం గంట కొట్టగానే ఒకరు ఒక పేటకు, మరొకరు మరొక పేటకు విడిపోయి, ఒకరి ఇంటి గడప మరొకరు ఎన్నడూ తొక్కకపోతే మనం నేర్చిన పాఠంలో సగమే మిగులుతుంది.

విద్యార్థినుల సంగతి మరింత శోచనీయం. అబ్బాయికి గది దొరకకపోతే స్నేహితుని గదిలో చాప పరచుకుంటాడు. అమ్మాయికి దొరకకపోతే తండ్రి వచ్చి తీసుకొని పోతాడు. ఆమె పేరు హాజరు పట్టీలో కొన్నాళ్లు ఉండి, తరువాత కనిపించదు. ఆమె చదువు మానినది తెలివి చాలక కాదు, ఫీజు చెల్లించలేక కూడా కాదు. నమ్మదగిన ఇల్లు ఒకటి చూపేవారు లేక.

చౌక గదుల వెంట పోవడంలో మరొక ప్రమాదం పొంచి ఉన్నది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పల్లపు ప్రాంతాలలో క్రింది అంతస్తు గదికి అద్దె తక్కువ. ఎందుకు తక్కువో వరద వచ్చిన నాడు తెలుస్తుంది. గది చూడబోయే విద్యార్థికి అద్దెతో పాటు, ఆ వీధిలో గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉన్నదో చూడమని చెప్పే పెద్దదిక్కు కావాలి.

కళాశాల పాలక వర్గం పెద్దలకు నాలుగు సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాను. మొదటిది, అద్దె గదుల రిజిస్టరు ఒకటి కార్యాలయంలో ఉంచాలి. ఏ పేటలో, ఎవరి ఇంట, ఎంత అద్దెకు, నీటి వసతి ఎట్టిది, గతంలో మన విద్యార్థులు ఎవరు ఉన్నారు అన్న వివరాలు అందులో ఉండాలి. రెండవది, కోరిన విద్యార్థికి ప్రిన్సిపాలు సంతకంతో పరిచయ పత్రం ఇవ్వాలి. ఫిర్యాదు వస్తే విచారించే అధ్యాపకుని పేరు అందులో ఉంటే యజమానికి ధైర్యం కలుగుతుంది. మూడవది, అడ్వాన్సు నిధి. నెలకు 6,000 రూపాయల అద్దె గల గదిలో ముగ్గురు ఉంటారనుకుందాం. రెండు నెలల అడ్వాన్సు 12,000 రూపాయలు. ఇరవై గదులకు 2,40,000 రూపాయలు అవుతుంది. ఇది దానం కాదు, వడ్డీ లేని అప్పు. గది ఖాళీ చేసిన నాడు తిరిగి వచ్చి మరుసటి జట్టుకు ఉపయోగపడుతుంది. పూర్వ విద్యార్థులు తలచుకుంటే అది అసాధ్యమైన మొత్తం కాదు. నాలుగవది, విద్యార్థినుల కొరకు మహిళా అధ్యాపకులు ఇద్దరు ముగ్గురు ఇళ్లను స్వయంగా చూసి, తల్లిదండ్రులతో మాట్లాడే ఏర్పాటు. ఇవన్నీ ఏప్రిల్‌లోనే మొదలు కావాలి. జూన్‌లో ఆలోచిస్తే మంచి గదులు అప్పటికే పోయి ఉంటాయి.

కళాశాల పని పాఠం చెప్పడమే, వెలుపల ఏదైనా జరిగితే నింద మన మీద పడుతుందని కొందరు పెద్దలు శంకించవచ్చు. ఆ శంక అర్థం చేసుకోదగినదే. అయితే నింద ఇప్పుడు మాత్రం పడడం లేదా? వీధిలో విద్యార్థి తప్పు చేస్తే లోకం అతని ఇంటిపేరు అడుగదు, “ఏ కాలేజీ?” అని అడుగుతుంది. పేరు ఎలాగూ మనదే అయినప్పుడు, పరిచయ పత్రంలో దానిని మనమే ముందుగా వ్రాసి ఇవ్వడం మేలు కదా.

సోదర విద్యార్థులకు ఒక మాట. అద్దె గది మన చేతిలో ఉన్న అమానత్. దాని మీద మనకు ముందున్నవారి మంచిపేరు ఉన్నది; మన తరువాత రాబోయే తమ్ముళ్ల, చెల్లెళ్ల అవసరం ఉన్నది. ఒక జట్టు బిల్లు ఎగవేసి వెళితే ఆ తలుపు పది జట్లకు మూసుకుంటుంది. నిరాకరించిన యజమానిని తిట్టుకోవడం తేలిక. మన పేరు వినీ గది ఇచ్చిన యజమాని మరుసటి సంవత్సరం తానే కబురు పంపేలా మసలుకోవడం కష్టం. కాని ఆ వీధి మనసు మార్చగలిగేది అదే. గది విడిచేటప్పుడు కరెంటు బిల్లు, నీటి పన్ను వాటా చెల్లించి, గోడలకు కొట్టిన మేకులు పీకి, తాళం చెవితో పాటు ఒక జూనియరును వెంటబెట్టుకొని వెళ్లి యజమానికి పరిచయం చేయండి. రిజిస్టరులో మొదటి పేజీ ఆ విధంగా నిండుతుంది. మిగిలిన పేజీలు నింపే భారాన్ని కళాశాల పెద్దలు వచ్చే ఏప్రిల్‌లోగా స్వీకరింతురని ఆశిస్తున్నాను.